మంచాన పడ్డవాళ్లకి వారానికి ఒక పూట: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టుకోవాలి

మా చర్చి సంఘంలో ఒక మామ్మకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. స్త్రీల సమాజం తరఫున నెలకోసారి నలుగురం వెళ్లేవాళ్లం. ఒక బ్రెడ్ ప్యాకెట్, నాలుగు యాపిల్స్, ఒక పాట, ఒక పెద్ద ప్రార్థన, కాఫీ, వందనాలు, సెలవు. ఏడు నెలలు అలా నడిచింది. ఒకరోజు గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చిన కోడలు మెల్లగా అంది: "ఏమనుకోకండి ఆంటీ. అత్తయ్యకి షుగర్. మీరు తెచ్చే బ్రెడ్డు పిల్లలే తింటున్నారు. మీ నలుగురికీ కాఫీలు పెట్టేసరికి ఆమెకి అన్నం తినిపించే టైము దాటిపోతోంది."

చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ విన్నాను ఆ మాట. మేము సేవ చేస్తున్నాం అనుకున్నాం. ఆ ఇంటి లెక్కలో అది చుట్టాల రాక, అంతే.

ఆ అమ్మాయి అలా నోరు తెరిచి చెప్పబట్టి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీ సంఘంలోనూ, మీ వీధిలోనూ మంచాన పడి ఉన్న మనిషి ఒకరైనా ఉంటారు. వాళ్ల కోసం ఏదైనా చేయాలని ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఇలా చేసి చూడండి.

ముందు ఒక్క ఇల్లు

పది ఇళ్లు పెట్టుకోకండి. ఒక్కటి చాలు. అది మీరు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలి, లేదా మీరు ఎలాగూ వెళ్లే దారిలో ఉండాలి. బైబిల్లో లూకా 10లో యేసు ప్రభువు చెప్పిన కథలో సమరయుడు దెబ్బలు తిన్నవాళ్ల కోసం వెతుక్కుంటూ బయల్దేరలేదు. తన పనిమీద తాను పోతుంటే ఆ దారిలో ఒకడు కనపడ్డాడు. దూరం ఎక్కువైతే మూడో వారానికే వాన, ఆరో వారానికి పెళ్లి అడ్డం వస్తాయి.

ఎవరిని ఎంచుకోవాలో అయ్యగారిని, అంటే పాస్టరుగారిని అడగండి. ఇంకా మంచిది, ఆయన భార్య అమ్మగారిని అడగండి. ఆదివారం ప్రార్థన అంశాల్లో ప్రతివారం పేరు వినపడేవాళ్లకి ఇప్పటికే పదిమంది ఉంటారు. పేరు వినపడటం మానేసినవాళ్లు ఎవరో అమ్మగారికి తెలుస్తుంది.

రోజు, టైము ఖాయం చేసుకోండి. మేము గురువారం పదిన్నర నుంచి పన్నెండున్నర అనుకున్నాం. ఇద్దరే వెళ్లాలి. ఒక్కరే వెళ్తే మంచం మీద మనిషిని జరపడం కష్టం, నలుగురు వెళ్తే కబుర్లు మొదలవుతాయి. ఆడవాళ్ల దగ్గరికి ఆడవాళ్లు, మగవాళ్ల దగ్గరికి మగవాళ్లు. మన సంఘాల్లో మగవాళ్లు ఈ పనికి ముందుకు రావడం తక్కువ. ప్రసంగం చెప్పమంటే ముగ్గురు లేస్తారు, ఒక పెద్దాయనకి గడ్డం గీయమంటే ఒక్కరూ దొరకరు. మీరు మగవాళ్లయితే ఆ ఖాళీ మీ కోసమే ఉందనుకోండి.

ఇంటివాళ్లతో మొదట్లోనే చెప్పేయండి: కాఫీ, టీ ఏమీ వద్దు, పని చూసుకుని వెళ్తాం అని. కానీ గ్లాసు మంచినీళ్లు మాత్రం మీరే అడిగి తాగండి. ఎవరి ఇంట్లో నీళ్లు తాగుతాం, ఎవరి ఇంట్లో "ఇప్పుడే తాగొచ్చామండీ" అంటాం అనే లెక్క బాప్తిస్మం తర్వాత కూడా కొందరిలో పోలేదు. మంచం మీద మనిషి అది ఇట్టే పసిగడతారు.

అడగండి, కానీ సరిగ్గా అడగండి

యెరికో దారిలో కూర్చున్న బర్తిమయి గుడ్డివాడని అందరికీ తెలుసు. అయినా యేసు ప్రభువు అతన్ని, నీకేమి చేయాలి అని అడిగాడు. మనం అడగం. మనకి తెలుసనుకుంటాం.

గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు వినే ఉంటారు. 1883లో లూథరన్ మిషన్ తరఫున అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు మీద వచ్చిందది. ఆమె వైద్యం చదివిన మనిషే. అయినా మిషన్ వాళ్లు ఆమెను మొదట పంపింది ఘోషా పాటించే ఇళ్లలో ఆడవాళ్లకి చదువు చెప్పే పని మీద. వచ్చి చూస్తే ఆ ఆడవాళ్లకి అన్నిటికంటే ముందు కావాల్సింది వైద్యం. పంపిన పని ఒకటి, అక్కడ కనపడ్డ అవసరం ఇంకొకటి. ఆమె అవసరం వైపు నడిచింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. మనం మోసుకెళ్లే బ్రెడ్ ప్యాకెట్ కూడా ఒకరకంగా ఆఫీసు వాళ్లు పంపిన పనే. ఇంటికెళ్లాక కళ్లు తెరిచి చూడాలి.

"ఏమైనా కావాలా అండీ?" అంటే వచ్చే జవాబు "ఏం వద్దమ్మా, మీరొచ్చారు, అదే చాలు." ఇది మర్యాద, జవాబు కాదు. కాబట్టి ప్రశ్న మార్చండి. "పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మీకు ఏ పని దగ్గర ఎక్కువ ఇబ్బందిగా ఉంటోంది?" అని అడగండి. చూసుకునే మనిషిని వంటింట్లో విడిగా అడగండి. ఎందుకంటే రోగి ముందు కోడలు చెప్పలేదు, కోడలి ముందు రోగి చెప్పలేరు. మాట పోయినవాళ్లయితే, అవునంటే చెయ్యి ఒకసారి నొక్కండి, కాదంటే రెండుసార్లు అని ముందే అనుకుని ఒక్కొక్కటీ అడగాలి. తొందరపడకండి, జవాబు రావడానికి అర నిమిషం పట్టచ్చు.

మేము అలా అడుగుతూ పోతే మామ్మ కాళ్లు దగ్గర కాదంది, అన్నం దగ్గర కాదంది, ఫ్యాన్ దగ్గర కాదంది. తల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి గట్టిగా నొక్కింది. తలంటు. ఏడు నెలలుగా తల మీద నీళ్లు పడలేదు. విడిగా అడిగితే కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఒక్కదాన్నే ఎత్తలేనని భయపడి జుట్టుని పాతగుడ్డతో కట్టేసి ఉంచిందట.

మంచం మీదే తలంటడం

ఇది వివరంగా చెప్తాను. చాలామంది చేయలేమని వదిలేసేది ఇదే.

రెండు బకెట్లు, ఒక మగ్గు, రెండు తువ్వాళ్లు, ఒక మందపాటి పాత దుప్పటి, కొంచెం దూది, షాంపూ కావాలి. మీటరున్నర ప్లాస్టిక్ షీటు కొనండి. టేబుళ్ల మీద పరిచే రకం, షాపులో మీటరు లెక్కన కోసిస్తారు. కుంకుడుకాయ వద్దు. పడుకున్న మనిషికి కళ్లలో పడితే తట్టుకోలేరు.

తలంటే ముందు చిక్కు తీయాలి. కొబ్బరినూనె రాసి పదినిమిషాలు ఆగి, కొసల నుంచి మొదలుపెట్టి పైకి రండి. కుదుళ్ల దగ్గర రెండో చేత్తో పట్టుకుంటే లాగినట్టుండదు. చిక్కు ఎంత ముదిరినా ఆ మనిషిని అడగకుండా కత్తెర తీయొద్దు.

తర్వాత ఇద్దరూ చెరోవైపు కింది దుప్పటి పట్టుకుని, దుప్పటితో సహా మనిషిని మంచం అంచుకి జరపండి. ఒంటిని ఈడ్చకూడదు, చర్మం ఒరుసుకుపోతుంది. పడిపోయిన చెయ్యి పట్టుకుని అసలు లాగకూడదు, భుజం కీలు జారుతుంది. పాత దుప్పటిని పొడవుగా చుట్టి, తల చుట్టూ గుర్రపు నాడాలా వంచి, దానిమీద ప్లాస్టిక్ పరవండి. నాడా తెరిచి ఉన్న వైపు మంచం బయటికి ఉండాలి. ప్లాస్టిక్ కొస కింద బకెట్లోకి దిగాలి. మధ్యలో చిన్న కాలవలా అవుతుంది. చెవుల్లో దూది పెట్టండి. నీళ్ల వేడి మోచేత్తో చూడండి, వేళ్లు మోసం చేస్తాయి. ఒక చెయ్యి నుదుటి మీద అడ్డుపెట్టి మగ్గుతో నెమ్మదిగా పోయండి. మొదటి మగ్గు పోసేముందు "పోస్తున్నాను మామ్మా" అని చెప్పండి. ప్రతి పని ముందూ చెప్పాలి.

మామ్మకి చిక్కు తీయడానికే ముప్పావుగంట పట్టింది. గోరువెచ్చటి నీళ్లు పడగానే ఆమె ఎడమ చెయ్యి పైకి లేచి నా మణికట్టు పట్టుకుంది. నొప్పెట్టిందేమో అని ఆపేశాను. ఆమె నా చేతిని మళ్లీ తన తల మీదకి లాగి పెట్టుకుంది.

తల ఆరబెట్టాకే ఫ్యాన్ వేయండి.

మిగతా పనులు

ఒత్తిడి పుండ్లు చూడటం నేర్చుకోండి. ఒకే పక్కన పడుకుంటే నడుము కింద ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల మీద, భుజం రెక్కల దగ్గర ముందు ఎర్రబడుతుంది. నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు. అప్పుడు ఆ చోటు వేడిగా ఉందా, గట్టిగా ఉందా చూడండి. వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే అది పుండుకి మొదలు. దాన్ని మర్దన చేయకండి. ఆ వైపు బరువు పడకుండా తిప్పి పడుకోబెట్టి, నర్సుకో డాక్టరుకో చూపించమని ఇంటివాళ్లకి చెప్పండి. రెండు గంటలకోసారి పక్క మార్చాలన్నది మామూలు లెక్క. మీరు రెండు గంటలే ఉంటారు కాబట్టి గడియారం, కాగితం గోడకి పెట్టి కుడి, ఎడమ, వెల్లకిల అని రాసుకునే అలవాటు ఇంట్లో చేయించండి.

తినిపించేటప్పుడు కూర్చోబెట్టాలి. పడుకోబెట్టి తినిపిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిన్న చెంచా, గడ్డం కొంచెం కిందికి, ముద్ద మింగారని చూశాకే రెండోది. తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వండి. తింటుంటే మాటిమాటికీ దగ్గు వస్తోందంటే ఆపేసి డాక్టరుకి చెప్పాల్సిన విషయం.

కాళ్లు కడగడం గురించి ఒక్క మాట. యోహాను 13లో ప్రభువు పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగాడని ఏటా గుడ్ ఫ్రైడే ముందు రోజు వింటాం. పేతురు ఒప్పుకోలేదు కూడా. మంచం మీద ఉన్న పెద్దవాళ్లూ ఒప్పుకోరు. "అయ్యో, నువ్వు నా కాళ్లు పట్టుకోవడమేంటమ్మా" అని ముడుచుకుంటారు. బలవంతం చేయకండి. మొదటివారం చేతులు కడగండి, రెండోవారం మొహం. కాళ్లు వాళ్లే చాపే రోజు వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ల కాళ్లు నానబెట్టకూడదు. త్వరగా కడిగి వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి. స్పర్శ లేనివాళ్లకి వేడినీళ్లు కాలినా తెలియదు. వాళ్ల గోళ్లు, ఆనెలు మీరు బ్లేడుతో ముట్టుకోవద్దు.

చూసుకునే మనిషిని బయటికి పంపండి

నన్నడిగితే ఇది తలంటు కంటే పెద్ద పని. ఆ కోడలు ఏడు నెలల్లో ఆదివారం ఆరాధనకి ఒక్కసారీ రాలేదు. "విశ్వాసం చల్లారింది" అని మాలో ఒకరు అన్నారు కూడా. విశ్వాసం చల్లారలేదు, గంటసేపు ఇంట్లో ఉండే మనిషి దొరకలేదు.

ఆమెతో ఇలా చెప్పండి: "ఈ రెండు గంటలు నువ్వు ఇంట్లో ఉండొద్దు." మొదట వెళ్లదు. మందులు ఎక్కడున్నాయి, ఫోన్ నంబరు ఏంటి, ఏమైతే ఏం చేయాలి అన్నీ కాగితం మీద రాయించుకుంటే ధైర్యం వస్తుంది. ఎక్కడికి వెళ్లిందో, ఏం చేసిందో ఆరా తీయకండి. ఆ కోడలు మొదటి గురువారం పక్కింటి అరుగు మీద కూర్చుని ఊరికే వీధి చూస్తూ ఉందట. మూడోసారి గాజులు వేయించుకొచ్చింది.

ప్రార్థన, పాట, మాట

ప్రార్థన చేయొచ్చా అని అడిగి చేయండి. రెండు నిమిషాలు చాలు. రోగికి తెలియని విషయాలు, కొడుకు తాగుడు లాంటివి, ప్రార్థన పేరుతో బయట పెట్టకండి.

పాట పాడండి. పక్షవాతంతో మాట పోయిన కొందరికి చిన్నప్పటి పాట ఎత్తుకుంటే మాటలు వస్తాయి. మాట్లాడటానికీ పాడటానికీ మెదడు వాడుకునే దారులు పూర్తిగా ఒకటి కావు. మామ్మ నీళ్లు కావాలని అనలేదు గానీ, పాత కీర్తన పల్లవి మాతో కలిపి చివరిదాకా అనేది. కొత్త పాటలు కాకుండా వాళ్ల కాలం పాటలే ఎత్తుకోండి.

అనకూడనివి రెండున్నాయి. "ఏదో పాపం ఒప్పుకోకుండా ఉండి ఉంటారు" అనొద్దు. యోహాను 9లో గుడ్డివాణ్ని చూపించి శిష్యులు అదే అడిగితే, వీడు గానీ వీడి కన్నవాళ్లు గానీ పాపం చేయలేదని ప్రభువు తేల్చి చెప్పాడు. రెండోది, "విశ్వాసం ఉంచండి, మందులు ఆపేయండి." ఆ మాట అన్నవాళ్లు రాత్రి రెండింటికి బీపీ పెరిగినప్పుడు ఆ ఇంట్లో ఉండరు.

ప్రభురాత్రి భోజనం ఇంటికి తెచ్చి ఇవ్వమని అయ్యగారిని అడగండి. మంచాన పడ్డవాళ్లు దేనికోసం ఎక్కువ బాధపడతారో నేను చూసినంతలో అది దీనికోసమే, చాలామంది అడగడానికి మొహమాటపడతారు. ఇంటివాళ్లు క్రైస్తవులు కాకపోతే పనిచేసి రండి. పనికి బదులుగా బాప్తిస్మం ఆశించకండి. దెబ్బలు తిన్నవాణ్ని సమరయుడు నీ మతమేంటని అడగలేదు.

డబ్బు, కాగితాలు

మీరే డబ్బివ్వడం కంటే వాళ్లకి రావాల్సింది ఇప్పించడం ఎక్కువ మేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకి 4,000, దివ్యాంగుల పింఛను 6,000. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000. దివ్యాంగుల పింఛనుకి సదరం సర్టిఫికెట్ కావాలి, అంటే వైకల్యం ఎంత ఉందో ప్రభుత్వ డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం. తెలంగాణలోనూ దివ్యాంగుల పింఛనుకి వైకల్యం సర్టిఫికెట్టే ఆధారం. స్లాట్ బుక్ చేయడం, ఆధార్‌లో పేరు తప్పు సరిచేయించడం, ఆటో మాట్లాడి క్యాంపుకి తీసుకెళ్లడం, ఇవన్నీ కూడా సేవే. ఫైలు పట్టుకుని లైన్లో నిలబడ్డ రోజు ఎవరూ మీకోసం చప్పట్లు కొట్టరు.

ఫోటో వద్దు

చిక్కు జుట్టుతో, నైటీలో ఉన్న మనిషిని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. వాళ్లు సరేనన్నా పెట్టకండి. మీ సాయం మీద ఆధారపడ్డ మనిషి కాదనలేరు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6లో చదివి, అదే కుడిచేత్తో సెల్ఫీ తీసుకునేవాళ్లం మనమే. సంఘంలో రిపోర్టు అడిగితే "రెండు గంటలు వెళ్లాం" అనండి.

విసుగొచ్చినప్పుడు

వస్తుంది. రోగి తిడతారు. చెంచా విసిరికొడతారు. మామ్మ ఒకసారి నా మొహాన జావ ఉమ్మేసింది. బాత్‌రూంలో మొహం కడుక్కుంటూ, నేనెవరి కోసం చేస్తున్నాను ఇదంతా అని గట్టిగానే అనుకున్నాను. ఇంటికొచ్చాక తెలిసింది, కోపం జావ మీద కాదు. నాలుగు నెలలు చేశాను, ఆమె కళ్లలో కృతజ్ఞత కనపడాలి అని లోపల ఒక పద్దు రాసుకుంటూ వచ్చాను. ఆ పద్దు ఉన్నట్టు నాకే తెలియదు.

అలాంటప్పుడు మానేయకండి, అలాగని ఇంకో రోజు కూడా కలుపుకోకండి. సమరయుడు ఆ రాత్రి ఉండి, మర్నాడు పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టి తన దారిన తాను వెళ్లాడు. మళ్లీ వచ్చేటప్పుడు చూస్తానన్నాడు. అంతా తనే మోయాలనుకోలేదు. మీరూ మూడోమనిషిని తయారుచేసుకోండి. మీకు జ్వరమొస్తే వాళ్లు వెళ్లాలి. రాలేని వారం ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. మంచం మీద మనిషికి గురువారం పదిన్నర అంటే తలుపు వైపు తిరిగి ఉండే టైము.

ఆ మనిషి పోయాక

మామ్మ పదకొండు నెలల తర్వాత పోయింది. స్నానం మేమిద్దరమే చేయించాం, ఒంటి మీద ఒక్క పుండు లేదు.

భూస్థాపన రోజున ఇల్లంతా జనం ఉంటారు, మీ అవసరం పెద్దగా ఉండదు. ఆదరణ కూడిక అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక వచ్చే మొదటి గురువారం పదిన్నరకి మళ్లీ వెళ్లండి. పన్నెండింటికి అన్నం తినిపించడం అలవాటైన చేతులు ఆ టైముకి ఏం చేయాలో తెలియక ఉంటాయి. ఆరోజు కాఫీ పెడతానంటే వద్దనకండి.

గాలి పరుపు, బెడ్‌పాన్, వాకర్ వాళ్లకి వద్దంటే తెచ్చుకోండి. సబ్బునీళ్లతో తుడిచి, బ్లీచింగ్ నీళ్లతో ఇంకోసారి తుడిచి, నీడలో ఆరబెట్టండి. గాలి పరుపు మోటారు పనిచేస్తోందో లేదో ఒక రాత్రంతా వేసి చూడండి. ప్లాస్టిక్ షీటు మడతల దగ్గర చిరిగి ఉంటుంది, కొత్తది మీటరున్నర కోయించుకోండి. తర్వాత అమ్మగారి దగ్గరికి వెళ్లి ఇంకో పేరు అడగండి.